గ్యాస్ మీద పలచన, పెట్రోల్ మీద చిక్కన: ఒక సీఎన్‌జీ కారు ట్రిమ్ లాగ్

కారు మా బావది. 2015 మోడల్, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. విజయవాడలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే సీక్వెన్షియల్ సీఎన్‌జీ కిట్ బిగించి, ఆర్సీలో కూడా ఎక్కించి ఉంది. బావ కావలిలో ఉంటాడు, రొయ్యల మేత, మందులు అమ్ముతాడు. పొద్దున అల్లూరు, విడవలూరు వైపు చెరువు గట్ల మీద ఫస్టు, సెకండ్ గేర్లలో తిరుగుడు. మధ్యాహ్నం హైవే ఎక్కి నెల్లూరు. రోజుకి 120 కిలోమీటర్లకి తక్కువ ఉండదు. అంటే ఈ ఇంజిన్ సగం రోజు ఐడిల్‌కి దగ్గర్లోనూ, సగం రోజు బరువు మీదా పనిచేస్తుంది. ఈ సంగతి తర్వాత బాగా పనికొచ్చింది.

కంప్లైంట్లు మూడు. పొద్దున పెట్రోల్ మీద స్టార్ట్ అవుతుంది, తడబడి ఆగిపోతుంది. రెండు మూడు సార్లు తాళం తిప్పి, యాక్సిలరేటర్ మీద కాలు ఉంచితేగానీ నిలబడదు. గ్యాస్ మీద హైవేలో 80 దాటాక పికప్ ఉండదు, లారీని ఓవర్‌టేక్ చేయబోతే జర్కులు. గ్యాస్ అయిపోయి పెట్రోల్ మీద వస్తే వెనక పెట్రోల్ వాసన, మైలేజీ లీటరుకి 12. వీటికి తోడు చెక్ ఇంజిన్ లైటు రెండు రోజులు వెలిగి, నాలుగు రోజులు ఆరిపోయేది.

ఏడాదిలో ప్లగ్గులు రెండుసార్లు మార్చారు, ఓటూ సెన్సార్ (ఎగ్జాస్ట్ పొగలో ఆక్సిజన్ చూసేది) కొత్తది వేశారు, ఇంజెక్టర్లు క్లీన్ చేయించారు. చివరికి పెట్రోల్ పంపు కూడా మార్చాలన్నారు. అప్పుడు అక్క ఫోన్ చేసింది. "ఇంకో పదివేలు పోసే ముందు నువ్వన్నా ఒకసారి చూడరా" అంది.

నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి పక్కనే రేకుల షెడ్డు ఉంది. పద్నాలుగేళ్ళుగా పెట్రోల్ కార్ల ట్యూనింగు, గ్యాస్ కిట్ల ట్యూనింగు అక్కడే చేస్తున్నాను. ఈ కేసులో ఖరీదైన పరికరమేదీ వాడలేదు. స్టీరింగ్ కింద పదహారు పిన్నుల సాకెట్లో పెట్టే బ్లూటూత్ అడాప్టర్, ఫోన్లో లాగింగ్ యాప్, గ్యాస్ ఈసీయూకి, అంటే కిట్‌ని నడిపే కంప్యూటర్‌కి, పెట్టే యూఎస్‌బీ కేబుల్, ఒక పాత ల్యాప్‌టాప్. లెక్కలకి మా మేనల్లుడు కూర్చున్నాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు, స్ప్రెడ్‌షీట్ మీద వాడి చెయ్యి నాకంటే చురుకు.

ట్రిమ్ అంటే ఏమిటో ముందు రెండు మాటలు

పెట్రోల్ ఈసీయూ అంటే కారుతో వచ్చిన ఇంజిన్ కంప్యూటర్. దాని దగ్గర కంపెనీ రాసిన లెక్క ఒకటి ఉంటుంది. ఇంత గాలి లోపలికొస్తే ఇన్ని మిల్లీసెకన్లు ఇంజెక్టర్ తెరవాలి అని. అది సరిపోయిందో లేదో సైలెన్సర్ పైపులో ఉన్న ఓటూ సెన్సార్ చెబుతుంది. పలచన (గాలికి ఇంధనం తక్కువ) అయితే ఈసీయూ కొంచెం పెంచుతుంది, చిక్కన (ఇంధనం ఎక్కువ) అయితే తగ్గిస్తుంది. ఆ సవరణ శాతమే ఫ్యూయల్ ట్రిమ్. షార్ట్ టర్మ్ ట్రిమ్ అంటే చారు రుచి చూసి ఇప్పటికిప్పుడు వేసే ఉప్పు చిటికెడు. లాంగ్ టర్మ్ అంటే ప్రతిసారీ అలా వేయగా వేయగా చేతికి అలవాటైన కొలత. ప్లస్ అంటే ఇంధనం పెంచుతోంది, మైనస్ అంటే తగ్గిస్తోంది. రెండూ కలిపి చూడాలి. షార్ట్ టర్మ్ సున్నా దగ్గర ఊగుతోంది కదా, అంతా బాగుందనుకుని వదిలేసినవాళ్ళని చాలామందిని చూశాను. లాంగ్ టర్మ్ అప్పటికే ప్లస్ 20 మోస్తూ ఉంటుంది.

గ్యాస్ కిట్ విషయానికొస్తే, పెట్రోల్ ఈసీయూకి తను గ్యాస్ మీద నడుస్తున్నానన్న సంగతే తెలియదు. అది పెట్రోల్ ఇంజెక్టర్లకి పంపే పల్సును గ్యాస్ ఈసీయూ మధ్యలో అందుకుని, ఒక మల్టిప్లయర్‌తో హెచ్చవేసి గ్యాస్ ఇంజెక్టర్లకి ఇస్తుంది. ఆ మల్టిప్లయర్ ఒకే అంకె కాదు. ఒకవైపు ఆర్పీఎం, ఇంకోవైపు పెట్రోల్ ఇంజెక్షన్ టైము ఉన్న గళ్ళ పట్టిక. పట్టిక తప్పితే మిక్చర్ తప్పుతుంది. ఓటూ సెన్సార్ ఆ తప్పును పట్టుకుంటుంది. పెట్రోల్ ఈసీయూ అది పెట్రోల్ తప్పే అనుకుని లాంగ్ టర్మ్‌లో రాసుకుంటుంది. రేపు పొద్దున పెట్రోల్ మీద స్టార్ట్ చేసినప్పుడు ఆ రాసుకున్నదే బయటికొస్తుంది.

అందుకే గ్యాస్ మీద ట్రిమ్‌ని సున్నాకి తేవడం నా గురి కాదు. ఆ గడిలో పెట్రోల్ మీద ట్రిమ్ ఎంత ఉంటుందో గ్యాస్ మీదా అంతే ఉండాలి. పెట్రోల్ మీద ప్లస్ 5 ఉంటే గ్యాస్ మీదా ప్లస్ 5. అప్పుడు ఏ ఇంధనం మీద నేర్చుకున్నది ఆ ఇంకోదానికి విషం కాదు.

చెరిపేయకముందు చూసింది

కారు రాగానే స్కానర్ పెట్టాను, ఈసీయూ రాసుకున్న లోపం కోడ్ చెరపలేదు. చాలాచోట్ల మొదట చేసే పని కోడ్ చెరపడమే. దాంతో ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా పోతుంది. లైటు వెలిగిన ఆ క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో ఈసీయూ తీసిపెట్టుకున్న ఫోటో అది. దీన్లో పీ0171 ఉంది, అంటే మిక్చర్ బాగా పలచన అని. ఫ్రేములో వేగం 91, ఆర్పీఎం 2,850, లోడ్ 81 శాతం, లాంగ్ టర్మ్ ప్లస్ 21.9, ఇంజిన్ వేడి 88 డిగ్రీలు. అంటే లైటు వెలిగింది ఐడిల్‌లో కాదు, బరువు మీద. పొద్దున ఆగిపోవడం ఐడిల్‌లో. ఒకే లోపమైతే ఈ రెండు చివర్లూ ఎలా కలుస్తాయన్నదే నా మొదటి ప్రశ్న.

ఆ రాత్రి కారు షెడ్డులోనే ఉంచి, పొద్దున ఆరింటికి చల్లటి ఇంజిన్ మీద లాగ్ మొదలుపెట్టి స్టార్ట్ చేశాం. స్క్రీన్ మీద ఓపెన్ లూప్, అంటే ఓటూ సెన్సార్ మాట వినకుండా పోస్తోందని. షార్ట్ టర్మ్ సున్నా, లాంగ్ టర్మ్ మైనస్ 14.1. నాలుగో సెకనులో ఆర్పీఎం 1,100 నుంచి 600కి జారింది, స్టీరింగ్ వణికింది, ఆగిపోయింది. చల్లగా ఉన్నప్పుడు ఓటూ సెన్సార్ ఇంకా మాట్లాడదు, ఈసీయూ పాత అలవాటు మీదే పోస్తుంది. ఇంజిన్‌కి చిక్కటి మిక్చర్ కావాల్సిన సమయంలో 14 శాతం కోత. నిన్నంతా గ్యాస్ మీద ఐడిల్‌లో చిక్కనయ్యి, తగ్గించడం నేర్చుకుని పడుకుంది ఆ ఈసీయూ.

హైవే మీద అటుదిటు. గ్యాస్ పలచన కాబట్టి బరువు గళ్ళలో పెంచడం నేర్చుకుంది. పెట్రోల్‌కి మార్చగానే ఆ పెంపు అలాగే పెట్రోల్ మీద పడుతుంది. నిదానంగా పోతుంటే షార్ట్ టర్మ్ మైనస్ 15 దాకా దిగి సర్దుతుంది. గట్టిగా తొక్కితే ఓపెన్ లూప్, అక్కడ సర్దేవాళ్ళు లేరు. వెనక పెట్రోల్ వాసన అందుకే.

కొత్త ఓటూ సెన్సారూ, ప్లగ్గులూ ఎందుకు పనిచేయలేదో బావకి ఆ స్క్రీన్ చూపించి చెప్పాను. "అయితే పెట్రోల్‌కి ఏ రోగం లేనట్టేనా?" అన్నాడు. అది తేల్చాలంటే వారం రోజులు గ్యాస్ ముట్టుకోకూడదన్నాను. ఖర్చవుతుందని ముఖం చిన్నబుచ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. గ్యాస్ ట్యూనింగ్‌లో అందరూ వదిలేసే మెట్టు ఇదే. పెట్రోల్ మీద ఇంజిన్ ఎలా ఉందో తెలియకుండా గ్యాస్ పట్టికలో చెయ్యి పెడితే, తూకంరాయి సరిచూడకుండా బియ్యం తూచినట్టే.

లాగ్ ఎలా తీశాం

ఫ్రీజ్ ఫ్రేమ్ రాసుకున్నాక కోడ్ చెరిపి, నేర్చుకున్న ట్రిమ్‌లన్నీ సున్నా చేసి, సీఎన్‌జీ సిలిండర్ వాల్వు కట్టేశాం. బావ వారం రోజులు పెట్రోల్ మీదే తిరిగాడు. ఆ వారం చివర రెండు లాగ్‌లు తీశాం. ఒకటి మైపాడు రోడ్డులో ఇందుకూరుపేట మీదుగా సముద్రం దాకా, తక్కువ వేగం, మలుపులు, ఊళ్ళు. రెండోది హైవే ఎక్కి పెన్నా దాటి కొడవలూరు దాకా.

యాప్‌లో అన్నీ టిక్కు పెట్టేయాలనిపిస్తుంది, పెట్టకూడదు. ఈ చవక అడాప్టర్లు ఒక్కొక్క అంకె విడిగా అడిగి తెచ్చుకుంటాయి. పదిహేను అడిగితే ఒక్కోదానికి మూడు నాలుగు సెకన్లకోసారి గానీ వంతు రాదు. ఈలోగా గేరు కూడా మారిపోయి ఉంటుంది. మేము తీసుకున్నవి ఏడే. ఆర్పీఎం, మానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టంలో ఒత్తిడి), షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్, ఇంజిన్ వేడి, లోపలికొచ్చే గాలి వేడి, లూప్ ఓపెనా క్లోజ్‌డా అన్నది. నడిపేవాడు స్క్రీన్ వైపు చూడడు. నేను నడిపాను, ఫోన్ వెనక సీట్లో మేనల్లుడి చేతిలో.

ఇంటికొచ్చాక ఫైలును స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించి ముందు చెత్త తీసేశాం. ఇంజిన్ 80 డిగ్రీలకి రానివి, ఓపెన్ లూప్‌లో ఉన్నవి, యాక్సిలరేటర్ వదిలేసి దిగుతున్నప్పటివి. కాలు తీసేస్తే ఈసీయూ ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది, అప్పటి ట్రిమ్‌కి అర్థం లేదు. మిగిలిన వరుసల్లో రెండు ట్రిమ్‌లు కూడి, ఆర్పీఎం 500కి ఒక నిలువు, ప్రెషర్ 10 కిలోపాస్కళ్ళకి ఒక అడ్డం వేసి సగటు తీశాం. ముప్పై రీడింగులు లేని గడిని ఖాళీగా వదిలేశాం. ఈ పట్టిక చేతికొచ్చాక ఇంజిన్ దాచుకోవడానికి చోటుండదు. మొత్తం దారికి ఒకే సగటు తీస్తే ఐడిల్ మైనస్సూ హైవే ప్లస్సూ ఒకదాన్నొకటి మింగేసి, అంతా బాగున్నట్టు ప్లస్ 3 కనిపిస్తుంది.

ఒక జాగ్రత్త మాత్రం ఎండాకాలం మా నెల్లూరులో తప్పదు. మొదటి లాగ్ మేము మధ్యాహ్నం మూడింటికి తీశాం, బయట 42 డిగ్రీలు. దర్గామిట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా షార్ట్ టర్మ్ రెండు నిమిషాలు మైనస్ 8కి పడిపోయి మళ్ళీ లేచేది. లోపమనుకుని కంగారుపడనక్కర్లేదు. ట్యాంకులో లేచిన పెట్రోల్ ఆవిరిని బొగ్గు డబ్బాలో దాచి, ఇంజిన్ వేడెక్కాక ఈసీయూ దాన్ని కొంచెం కొంచెం తాగిస్తుంది. ఆ ఆవిరి అదనపు ఇంధనం కాబట్టి ట్రిమ్ దిగుతుంది. ఆ లాగ్ పక్కన పెట్టేసి, మిగతావన్నీ పొద్దున ఆరు ఏడు మధ్య తీశాం.

పెట్రోల్ మీద వచ్చిన పట్టిక

ఐడిల్‌లో ప్లస్ 13. 2,000 నుంచి 2,500 ఆర్పీఎం మధ్య నిలకడ వేగంలో ప్లస్ 6. బరువు గళ్ళలో, 80 కిలోపాస్కళ్ళ దగ్గర, ప్లస్ 5.

ఇందులో రెండు వేరు వేరు సంగతులున్నాయి. అన్ని గళ్ళలోనూ సమానంగా ఉన్న ప్లస్ 5, అది కాక ఐడిల్‌లో మాత్రమే ఉన్న ఇంకో ఎనిమిది. సమానంగా ఉన్న ఐదు గురించి నాకు టెన్షన్ లేదు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్‌లో ఆక్సిజన్ దానిలోనే ఉంటుంది, కాబట్టి అదే గాలికి ఎక్కువ ఇంధనం కావాలి. మామూలు పెట్రోల్ ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి పడితే, ఈ20కి పదమూడున్నర చిల్లర చాలు. 2015లో వచ్చిన కారు లెక్క ఇప్పటి పెట్రోల్‌కి కొంత ప్లస్ చూపించడం సహజం. పెట్రోల్ పంపు బలహీనమైతే ఐడిల్‌లో బాగుండి, బరువు పెరిగేకొద్దీ ప్లస్ పెరుగుతూ పోవాలి. ఇక్కడ తగ్గుతోంది. పంపు మార్చాల్సిన పని లేదని ఆ పట్టికే చెప్పేసింది.

ఐడిల్‌లో ఎక్కువ, వేగంలో తక్కువ అనగానే ఎవరైనా వాక్యూమ్ లీకు అంటారు. నేనూ మొదట అటే వెళ్ళాను. పైగా గ్యాస్ కిట్ కారులో ఇన్‌టేక్ మానిఫోల్డుకి బెజ్జాలు వేసి నాలుగు ఇత్తడి నాజిళ్ళు బిగించి ఉంటాయి, అవి లీకు కావడం మామూలే. కానీ ఒక్క నిమిషం ఆగాలి. ఈ ఇంజిన్ గాలిని కొలిచే మీటర్‌తో నడిచేది కాదు, మానిఫోల్డ్ ప్రెషర్ చూసి గాలిని లెక్కగట్టేది. ఇలాంటి ఇంజిన్‌లో దొంగగాలి వస్తే ప్రెషర్ పెరుగుతుంది, ఈసీయూ దాన్నీ లెక్కలో వేసుకుని ఇంధనం పోస్తుంది, ఐడిల్ ఆర్పీఎం పెరుగుతుంది. ట్రిమ్ మీద అంతగా కనిపించదు. ఇక్కడ ఆర్పీఎం నిక్కచ్చిగా 750, ప్రెషర్ 33. రెండూ బాగున్నాయి. నాజిళ్ళు, బ్రేక్ బూస్టర్ పైపు అయినా చూశాను, లీకు లేదు.

అయితే గాలి ఇంజిన్ లోపలికి కాదు, ఓటూ సెన్సార్ ముందు సైలెన్సర్ వైపు చేరుతుండాలి. ఎగ్జాస్ట్ ఒక ధారలా పోదు, దెబ్బ దెబ్బగా పోతుంది. రెండు దెబ్బల మధ్య పైపులో కాసేపు వెలితి ఏర్పడుతుంది. అక్కడ సన్న సందు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సార్‌కి ఆ గాలిలోని ఆక్సిజన్ తగిలి, మిక్చర్ పలచన అని తప్పు చెబుతుంది. వేగం పెరిగితే దెబ్బలు దగ్గర దగ్గరగా పడి ఆ వెలితికి సమయం చాలదు, కాబట్టి తేడా మాయమవుతుంది. పట్టిక ఆకారం అచ్చం ఇదే.

వెతకడానికి ఇంట్లో ఉన్న వాక్యూమ్ క్లీనర్ సరిపోయింది. పొద్దున్నే, ఇంజిన్ ఆపి, పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు, దాని గాలి ఊదే వైపు గొట్టాన్ని సైలెన్సర్ చివరలో పెట్టి చుట్టూ తడి గుడ్డ బిగించాం. పైన ఎగ్జాస్ట్ మానిఫోల్డు అతుకుల మీద సర్ఫు నీళ్ళు స్ప్రే కొట్టాను. మూడు పోర్టుల దగ్గర నీళ్ళు ఊరికే జారిపోయాయి. నాలుగో పోర్టు కింద, హీట్ షీల్డు నీడలో, ముందు ఆవగింజంత బుడగలు లేచాయి. తర్వాత శనగగింజంత. తర్వాత నురగ వరసగా కారడం మొదలైంది. టార్చి వేసి చూస్తే అక్కడ గాస్కెట్ అంచు వెంట మసి చార, కాటుక వేలితో గీసినట్టు. కింది స్టడ్డుకి నట్టే లేదు. బావని అడిగితే, పొద్దున స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మని శబ్దం వచ్చి కాసేపటికి పోయేదనీ, వాల్వు శబ్దమనుకున్నాననీ అన్నాడు. వేడికి ఇనుము ఉబ్బి సందు సన్నబడడం వల్ల ఆ శబ్దం పోయేది.

కొత్త గాస్కెట్, రెండు కొత్త స్టడ్డులు. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి రెండు పక్కలకీ, రెండు విడతలుగా బిగించాను. మూడు రోజులు పెట్రోల్ మీద తిరిగాక లాగ్ తీస్తే ఐడిల్ ప్లస్ 6, నిలకడ వేగంలో ప్లస్ 5, బరువు మీద ప్లస్ 5. ఇదే నా తూకంరాయి.

గ్యాస్ వైపు

సిలిండర్ వాల్వు తెరిచి, గ్యాస్ మీద నడిపి లాగ్ తీశాం. ఐడిల్ మైనస్ 21. బావ చూసి కంగారుపడ్డాడు. "ఇంతకుముందు 14 కదా, నువ్వు చెయ్యి పెట్టాక ఇంకా ఎక్కువైందే!" అన్నాడు.

ఎక్కువ కాలేదు, ఇన్నాళ్ళూ దాగి ఉన్నది బయటపడింది. గాస్కెట్ లీకు సెన్సార్‌కి పలచన అని అబద్ధం చెబుతుండేది, గ్యాస్ పట్టిక నిజంగానే చిక్కగా పోస్తుండేది. ఒకటి ప్లస్ వైపు, ఒకటి మైనస్ వైపు లాగి సగంలో కలిశాయి. లీకు పోయేసరికి గ్యాస్ అసలు తప్పు పూర్తిగా కనిపించింది. గాస్కెట్ చూడకుండా నేరుగా గ్యాస్ పట్టికే సరిచేసి ఉంటే, ఆ మైనస్ 14ని సున్నా చేసి చేతులు దులుపుకునేవాణ్ణి. గ్యాస్ ఐడిల్ లెక్క అప్పటికీ ఏడు శాతం చిక్కగానే ఉండిపోయేది. ఇంకెప్పుడో ఎవరో గాస్కెట్ మార్చిన రోజున ఆ తప్పు మళ్ళీ లేచేది.

ఐడిల్‌లో చిక్కన ఎందుకు? ఒక గ్యాస్ ఇంజెక్టర్ అతుక్కుని లీకవుతోందా, లేక పట్టికే తప్పా? ట్రిమ్ నాలుగు సిలిండర్లకీ కలిపి ఒకటే చెబుతుంది, విడివిడిగా చెప్పదు. కానీ గ్యాస్ ఈసీయూ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సిలిండర్‌ని విడిగా పెట్రోల్‌కి మార్చే బటన్లుంటాయి. ఐడిల్‌లో ఒక్కొక్కటే మార్చి ఒక నిమిషం ఆగి ట్రిమ్ చూశాను. ఏది మార్చినా ఆరేడు పాయింట్లు పైకి లేచింది. ఒకటే ఇంజెక్టర్ దోషమైతే దాని దగ్గరే పెద్దగా లేచి, మిగతావాటి దగ్గర కదలకూడదు. కాబట్టి ఇంజెక్టర్ రైలు (నాలుగు గ్యాస్ ఇంజెక్టర్లు కలిసి ఉన్న పట్టీ) బాగుంది, పట్టికలో అంకెలే ఎక్కువ. ఎవరో ఎప్పుడో ఐడిల్‌లో ఆగిపోతోందని ఆ వరుస పెంచి ఉంటారు.

బరువు మీద మాత్రం పట్టిక ముట్టుకోకముందే వేరే కారణం కనిపించింది. సాఫ్ట్‌వేర్‌లో గ్యాస్ ప్రెషర్ చూస్తే ఐడిల్‌లో 2 బార్, నాలుగో గేరులో గట్టిగా తొక్కితే 1.4కి పడిపోతోంది. గ్యాస్ ఈసీయూ ప్రెషర్ తగ్గుదలని కొంత సర్దగలదు గానీ ఇంత తేడాని మోయలేదు. రెడ్యూసర్‌కీ (సిలిండర్ నుంచి వచ్చే గ్యాస్ ప్రెషర్‌ని తగ్గించేది) రైలుకీ మధ్య ఉన్న ఫిల్టర్ ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు. వాల్వు కట్టేసి, లైన్లో మిగిలిన గ్యాస్ కాలిపోయి ఇంజిన్ దానంతటదే పెట్రోల్‌కి మారేదాకా నడిపి, షెడ్డులో కాకుండా ఆరుబయట ఫిల్టర్ విప్పాను. లోపల కాగితం నల్లగా, కంప్రెసర్ ఆయిల్‌తో తడిసి జిగటగా ఉంది. కొత్తది వేసి, అతుకులన్నిటికీ సర్ఫు నీళ్ళు పెట్టి బుడగ రాలేదని చూసుకున్నాకే మళ్ళీ స్టార్ట్ చేశాను.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఇంటి దగ్గర చేయదగ్గ పని రెడ్యూసర్ తర్వాతి తక్కువ ప్రెషర్ వైపు, సాఫ్ట్‌వేర్ మాత్రమే. సిలిండర్ నుంచి రెడ్యూసర్ దాకా లైన్లో 200 బార్ ఉంటుంది. ఆ వైపు నట్టు మీద పానా పెట్టే పని అనుమతి ఉన్న సెంటర్‌దే. మూడేళ్ళకోసారి సిలిండర్‌కి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టూ అంతే.

ఫిల్టర్ మారాక అదే చోట ప్రెషర్ 1.8 దగ్గర నిలబడింది, బరువు గళ్ళలో ట్రిమ్ ప్లస్ 22 నుంచి ప్లస్ 14కి దిగింది. మిగిలిన తొమ్మిది పాయింట్లు పట్టికవి.

పట్టిక సరిచేయడం

పాత పట్టికను ముందు ఫైలుగా దాచుకున్నాం. ప్రతి గడికీ లెక్క సులువే. గ్యాస్ మీద ఐడిల్ మైనస్ 21 అంటే ఈసీయూ 0.79 వంతు పోస్తోంది, పెట్రోల్ మీద 1.06. 0.79ని 1.06తో భాగిస్తే 0.75. అంటే ఐడిల్ గడిలో 1.62 ఉన్న మల్టిప్లయర్ 1.21 దగ్గరికి రావాలి. బరువు గడిలో 1.14ని 1.05తో భాగిస్తే 1.09. అక్కడి 1.34 కాస్తా 1.46 కావాలి.

కానీ ఒకేసారి ఆ అంకె కొట్టకూడదు. మల్టిప్లయర్ మారితే పెట్రోల్ ఇంజెక్షన్ టైము మారుతుంది, టైము మారితే ఇంజిన్ పక్క గడిలోకి జరుగుతుంది. పైగా గ్యాస్ ఇంజెక్టర్ పెట్రోల్ ఇంజెక్టర్ కంటే నిదానంగా తెరుచుకుంటుంది. మూడు మిల్లీసెకన్ల లోపు టైముల్లో ఆ ఆలస్యమే పెద్ద వాటా, సూటి లెక్క అక్కడ పొసగదు. నేను ప్రతిసారీ సగం మాత్రమే జరుపుతాను. ఐడిల్‌లో 1.62 నుంచి 1.42, లాగ్ తీసి చూసి 1.31, మళ్ళీ చూసి 1.25. అక్కడ ప్లస్ 5 వచ్చింది, ఆపేశాను. లెక్క చెప్పిన 1.21కి వెళ్ళి ఉంటే పలచనయ్యేది.

బరువు గళ్ళకి రెండు పొద్దులు పట్టింది. నిండు బరువు హైవే మీద నిలకడగా దొరకడం కష్టం. ఐదో గేరులో 55 దగ్గర నిదానంగా, కారు జర్కు కొట్టకుండా సరిపడా తొక్కి, 80 దాకా అలాగే లాగాలి. ముగ్గురం కూర్చున్నాం, ఏసీ ఆన్. ప్రతి గడిలో ముప్పై రీడింగులు రావడానికి కొడవలూరు దాకా నాలుగుసార్లు పోయొచ్చాం. మధ్య గళ్ళను విడిగా దిద్దకుండా రెండు చివర్ల మధ్య వాలు సాఫీగా వచ్చేలా వేశాను. పక్క పక్క గళ్ళ మధ్య గుంతలూ మెట్టలూ ఉంటే ట్రిమ్ ఎంత బాగున్నా కాలి కింద కుదుపు తెలుస్తుంది.

పూర్తి యాక్సిలరేటర్ సంగతి వేరు. అక్కడ ఈసీయూ ఓపెన్ లూప్‌లోకి పోతుంది, ట్రిమ్ ఏమీ చెప్పదు. ఈ కారు ఓటూ సెన్సార్ కూడా చిక్కన, పలచన అని రెండు మాటలే చెప్పగలదు, ఎంత అన్నది చెప్పలేదు. ఆ గళ్ళకి పక్కనున్న క్లోజ్‌డ్ లూప్ గడి వాలునే కొనసాగించి, మూడు శాతం చిక్కగా వదిలాను. గ్యాస్ మీద పూర్తి బరువులో పలచనగా నడవడం వాల్వులకి మంచిది కాదు. అక్కడ కాస్త గ్యాస్ ఎక్కువ తిన్నా నాకు ఫర్వాలేదు.

తేలింది

చివరి లాగ్‌లో పెట్రోల్ పట్టిక, గ్యాస్ పట్టిక పక్కపక్కన పెట్టి తీసివేత వేస్తే ఏ గడిలోనూ తేడా మూడు దాటలేదు. ఐడిల్‌లో 6కి 5. నిలకడ వేగంలో 5కి 4. బరువు మీద 5కి 7. ఆ ఏడుని కూడా తగ్గిద్దామా అని మేనల్లుడు అడిగాడు. వద్దన్నాను. గ్యాస్ వేడి, బంకులో గ్యాస్ నాణ్యత మారితేనే రెండు పాయింట్లు అటూ ఇటూ అవుతాయి.

నాలుగు నెలలైంది. చెక్ ఇంజిన్ లైటు రాలేదు. పొద్దున ఒక్క తాళానికే నిలబడుతోంది. గ్యాస్ మైలేజీ కిలోకి 20 నుంచి 24కి వచ్చింది, పెట్రోల్ మీద 12 నుంచి 16కి. ఓవర్‌టేక్‌లో జర్కు పోయింది గానీ పికప్ పెట్రోల్ అంత ఉండదు. ఇంజిన్ సిలిండర్లో గాలికి ఉండాల్సిన చోటు గ్యాస్ తినేస్తుంది కాబట్టి ఆ పదో వంతు తగ్గుదల ఏ ట్యూనింగ్‌తోనూ రాదని బావకి ముందే చెప్పాను. పెట్రోల్ నుంచి గ్యాస్‌కి మారే క్షణంలో ఒక చిన్న కుదుపు మాత్రం ఇంకా ఉంది. మారే వేడిని 40 డిగ్రీల నుంచి 45కి పెంచాను, సగం తగ్గింది.

మొత్తం ఖర్చు గాస్కెట్, స్టడ్డులు, ఫిల్టర్, వారం రోజుల పెట్రోల్. పాత ఓటూ సెన్సార్ బావ ఇంకా డిక్కీలో ఉంచాడు. దాన్ని పెట్టి ఒక లాగ్ తీసి చూశాం. అదీ బాగానే పనిచేస్తోంది.

సిలిండర్ హైడ్రో టెస్ట్ తేదీ వచ్చే నెల. సిలిండర్ దింపి పంపినన్నాళ్ళు కారు పెట్రోల్ మీదే తిరుగుతుంది. అప్పుడు మళ్ళీ మైపాడు రోడ్డులో, పొద్దున ఆరింటికే, అవే ఏడు అంకెలతో లాగ్ తీయమని మేనల్లుడికి చెప్పి పెట్టాను.